కుక్కను పంపేవాడి పాదాలు

"కుక్క ఓడిపోయింది" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా కొలువంతా కుక్కలతోనే గడిచింది. మొదట మర్పల్లి దగ్గర ఒక దొర కుక్కల కొట్టంలో, ఆ తరువాత సర్కారు పనిలో, పోలీసు కుక్కల దగ్గర. ఇన్నేళ్ళలో కుక్క చేసిన తప్పులు నేను చూసినవి చాలా తక్కువ. మనుషులు చేసి కుక్క మీదికి నెట్టినవి మాత్రం కొల్లలు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ఏ జాతి మంచిది, ఏ ఈల కొనాలి, మాంసం ఎంత పెట్టాలి అని అడుగుతారు. కుక్క పక్కన ఎలా నిలబడాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అది అడగవలసిన సంగతి అని వాళ్ళకు తోచదు. అందుకే అడగని దాని గురించే రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇందులో వేట ఉంది. బాతుల్ని కాల్చడం మంచిదా చెడ్డదా అని నాతో వాదానికి రావద్దు. ఆ రోజుల్లో ఉండేది, తరువాత చట్టం వచ్చి ఆగిపోయింది, ఆగడమే మంచిదయింది. నేను చెప్పేది వేట గురించి కాదు.

పని ఏమిటంటే

మాది కుల్కచర్ల వైపు. మా నాయన పరాయి చేలల్లో పనిచేసేవాడు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు చేనుకు, అంతే మా బతుకు. పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ళకు, నాకు పెళ్ళయిన కొత్తలో, దొర ఇంట్లో కుక్కల్ని చూసుకునే మనిషి కావాలంటే వెళ్ళి చేరాను.

అప్పటికి దొరతనం సగం పోయింది. భూములు కొన్ని చేజారాయి, వెట్టి చాకిరి లేదు, దొర ఉండే గడీ ముందు చెప్పులు విప్పేవాళ్ళు తగ్గారు. దొరకు మిగిలిన సరదా కుక్కలే. దేశం విడిచి పోతున్న ఒక తెల్ల అధికారి దగ్గర సికింద్రాబాద్‌లో ఆయన లాబ్రడార్ కుక్కల జంటను కొన్నాడు. వాటి సంతానమే మా కొట్టంలో ఉండేది. తుపాకీ పేలి బాతు నీళ్ళలో పడితే, దాన్ని నలపకుండా నోట కరచుకుని తెచ్చి మనిషి చేతిలో పెట్టడం ఆ జాతి పని.

చలికాలంలో పట్నం నుంచి శికారు సరదా ఉన్న పెద్దమనుషులు రైల్లో వికారాబాద్‌కు దిగేవాళ్ళు. ఊరికి ఆవల ఉన్న పెద్ద చెరువు దగ్గర కుక్కలకు పరీక్ష పెట్టేవాళ్ళు. పరీక్షలో రెండు భాగాలు. మొదటిది చూసిన పక్షి. అది పడటం కుక్క కళ్ళారా చూస్తుంది, వెళ్ళి తెస్తుంది. రెండోది చూడని పక్షి. చనిపోయిన బాతును ముందే అవతలి ఒడ్డున తుంగలో దాచి ఉంచుతారు. అది ఎక్కడుందో కుక్కను నడిపే మనిషికి మాత్రమే తెలుసు. కుక్క అతని చెయ్యి, అతని ఈల నమ్ముకుని నీళ్ళలోకి దిగాలి. ఈ రెండో భాగంలోనే మనిషి సంగతి బయటపడేది.

కొట్టంలో పెద్దమనిషి సాయన్న. నేను కాకా అని పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి, గట్టి ఒళ్ళు, మాట తక్కువ. ఆ తెల్ల అధికారి నౌకరు దగ్గర కొన్ని నెలలుండి ఈ పని నేర్చుకుని వచ్చాడు. నాకు నేర్పింది ఆయనే. మొదటి రోజు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"కుక్క నీ చెయ్యి సూడది కొడుకా. చెయ్యి ఆఖరుకు. ముందుగాల నీ మోకాలు సూస్తది, నీ బుజం సూస్తది. నీ ఒళ్ళు ఎటుంటె అటు పోతది. ఒళ్ళు ఒకదిక్కు పెట్టి చెయ్యి ఒకదిక్కు సూపిస్తె, అది ఒంటినే నమ్ముతది."

ఈల ఊదేవాళ్ళు, కళ్ళు లేనివాళ్ళు

పరీక్షలకు వచ్చేవాళ్ళలో ఒక ఇంజనీరు ఉండేవాడు. మంచి మనిషే. కుక్కకు దుప్పటి కప్పి, తను చలికి వణుకుతూ నిలబడేవాడు. కానీ నోట్లో ఈల పెట్టుకుంటే ఇక దించడు. కుక్క నాలుగడుగులు వేస్తే ఈల, తల తిప్పితే ఈల, నీళ్ళు తాకితే ఈల. ఒకసారి ఆయన కుక్క చెరువు అంచున బురదలో కూర్చుని, ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. ఎంత ఊదినా లేవలేదు. దానికి ఏం చెయ్యమంటున్నారో తెలియలేదు, అందుకని ఏమీ చెయ్యలేదు. ఆయన మాత్రం కుక్కకు పొగరెక్కిందని అందరికీ చెప్పుకున్నాడు. నాకు తెలిసిన పెద్ద అధికారుల్లో చాలామంది కింది మనుషుల్ని ఇలాగే నడిపారు. కొలువులో చేరాక మీకే తెలుస్తుంది.

ఇంకో రకం ఉంటారు. పక్షి పడేటప్పుడు పక్షిని చూడకుండా తన కుక్కనే ముచ్చటగా చూసుకుంటూ ఉంటారు. తీరా పంపే వేళకు పక్షి ఎక్కడ పడిందో వాళ్ళకే తెలియదు. కుక్క ఒకవేళ పొరబడితే దారి చెప్పడానికి వీళ్ళ దగ్గర ఏమీ ఉండదు. ముద్దు తరువాత, ముందు కళ్ళు పనిచెయ్యాలి.

కోపిష్ఠుల సంగతి వేరే చెప్పాలా. ఇంటి దగ్గర మెత్తగా పిలిచే మనిషి, నలుగురి ముందు గొంతు మార్చి గద్దిస్తాడు. కుక్కకు ఆ గొంతు పరాయిది. అది ఆగిపోతే మళ్ళీ గద్దిస్తాడు. పరువు కోసం అరిచిన ప్రతి అరుపూ కుక్కను ఒక అడుగు దూరం చేస్తుంది.

ఇవన్నీ తేలికగా కనిపించే తప్పులు. వీటిని చూసి నేనూ సాయన్న కాకా కొట్టానికి వచ్చాక నవ్వుకునేవాళ్ళం. మా తప్పు మాత్రం మాకు చాలాకాలం కనపడలేదు.

టామీ

నేను చేరిన తొలినాళ్ళలో మా కొట్టంలో మేటి కుక్క టామీ. నల్లటి మగ కుక్క, వెడల్పాటి తల. ఊరి కుంట దగ్గర సాధన చేయిస్తే, చూడని పక్షిని కూడా గీత గీసినట్టు వెళ్ళి తెచ్చేది. అలాంటి కుక్క వికారాబాద్ పరీక్షలో ఎడమకు కొట్టుకుపోయింది. నీళ్ళలో దిగగానే ఎడమకు మళ్ళి, తుంగ లేని చోట ఒడ్డెక్కి వెతికి వెతికి ఉత్త నోటితో వచ్చింది. మరుసటి చలికాలం కూడా అంతే. గాలి అన్నాం, నీటి వాలు అన్నాం. దొర మాత్రం కుక్క పనికిరాదన్నాడు.

దొర బావమరిదికి తాండూరులో బండల గని ఉండేది. పనికిరాదని తేలిన కుక్కను దొర అక్కడికి పంపేవాడు, రాత్రిళ్ళు రాళ్ళకు కాపలా ఉండమని. దొర చెడ్డవాడని నేననను. కుక్కలకు జ్వరమొస్తే కొట్టంలోనే కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. కానీ పట్నం పెద్దమనుషుల ముందు ఆయనకు మిగిలిన గౌరవం ఆ పరీక్ష ఒక్కటే. అక్కడ తల దించుకునేలా చేసిన కుక్కను ఆయన కళ్ళెదుట ఉంచుకోలేకపోయేవాడు.

టామీని గూడ్సు బండిలో సాయన్నే తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. తరువాత ఏదో పని మీద తాండూరు వెళ్ళినప్పుడు చూసి వచ్చాడు. ఆ రోజు కొట్టానికి వచ్చి కుక్కలకు జొన్నగటక పెడుతూ చెప్పాడు.

"తెల్లగైంది కొడుకా. నల్ల కుక్క తెల్లగైంది, ఆ బండల దుమ్ముకు. గొలుసు ఎంతుంటె అంత మేర గుండ్రంగ తిరుగుతనే ఉన్నది. నన్ను జూసి లేసి నిలవడ్డది. ఒర్రలే. ఊకె నిలవడి సూసింది."

ఆ తరువాత ఆయన తాండూరు వెళ్ళే పని ఏదొచ్చినా నన్నే పంపేవాడు. నేనూ ఆ గని వైపు పోయేవాణ్ణి కాదు.

జూలీ ఎడమకు పోయిన రోజు

టామీ తరువాత జూలీ. అది టామీ చెల్లెలి కూతురు. సాయన్న దాన్ని చంటిపిల్లలా సాకాడు. మా ఊరి కుంట దగ్గర అది తప్పడం నేను చూడలేదు.

దాని మొదటి పరీక్ష నాడు చెరువు కట్ట మీద ఎప్పటిలాగే మందీ మార్బలం. అక్కడి ఏర్పాటు ఏమిటంటే, కుక్కను నడిపే మనిషి నీటి అంచున పాతిన కర్ర గూటం దగ్గర నిలబడాలి. యజమాని అతని వెనక కొంచెం ఎడంగా కూర్చోవచ్చు. దొర కుర్చీ సాయన్నకు వెనక, ఎడమ పక్కన వేశాను. జూలీ చూసిన పక్షిని చక్కగా తెచ్చింది. ఇక చూడని పక్షి. సాయన్న చెయ్యి చాపి "జా" అన్నాడు. జూలీ దూకింది, ఈదింది, ఎడమకు పోయింది. అచ్చం టామీ వెళ్ళిన తోవే. ఈల వేసి ఆపి చెయ్యి చూపిస్తే ఇంకా ఎడమకు పోయింది.

పరీక్షలో తీర్పు చెప్పేవాడు పల్టన్‌లో, అంటే సైన్యంలో పనిచేసి దిగిన ముసలాయన. మితభాషి. దొర ఆయన దగ్గరికి వెళ్ళి, కుక్కలో లోపం ఏమిటని అడిగాడు. ఆయన ఉర్దూలో ఒక్కటే అన్నాడు, కుక్క పంపిన చోటికే పోయిందని. అని టోపీ సర్దుకుని పక్కకు వెళ్ళిపోయాడు. దొరకు అది ఎకసెక్కంలా తోచింది.

"సాయిగా," అన్నాడు దొర, జీపు ఎక్కబోతూ. "వచ్చే చలికాలం గూడ గిట్లనే అయితె, ఇది గూడ తాండూరు పోతది. నాకు మల్ల చెప్పియ్యకు."

సాయన్న "అట్లనే దొరా" అన్నాడు. జూలీ ఒంటి మీద నీళ్ళు తుడుస్తున్న చేతులు ఒకసారి ఆగి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాయి.

జనం వెళ్ళాక కుర్చీ బండిలో వెయ్యడానికి నేను కట్ట దిగాను. ముందు రోజు చినుకులు పడి మట్టి మెత్తగా ఉంది. దొర కుర్చీ కాళ్ళు దిగబడిన గుంటలు కనిపించాయి. గూటం దగ్గర సాయన్న పాదాల అచ్చులు అచ్చుపోసినట్టున్నాయి. వాటి పక్కన జూలీ కూర్చున్న గుర్తు. నేను చూస్తూ నిలబడిపోయాను. కుడి పాదం నీళ్ళ వైపు ఉంది. ఎడమ పాదం పక్కకు తిరిగి, వేళ్ళు కుర్చీ దిక్కుగా ఉన్నాయి. కుక్క కూర్చున్నది ఆ ఎడమ పాదం పక్కనే.

"కాకా, జర గిట్ల రా," అని పిలిచాను.

సాయన్న వచ్చి చూశాడు.  ఆయనే వెళ్ళి తన అచ్చుల్లో తన పాదాలు పెట్టి నిలబడ్డాడు. ఒళ్ళు దానంతట అదే ఎడమకు తిరిగింది. తల తిప్పి కుర్చీ గుంటల్ని చూశాడు, మళ్ళీ నీళ్ళను చూశాడు. తరువాత ఆ బురదలోనే కూలబడ్డాడు.

జూలీ గురించి మాట్లాడతాడనుకున్నాను.

"ఐతె టామీ?" అన్నాడు.



వీపు

ఇది చదివే చిన్నవాళ్ళకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. దొరకు వీపు చూపకూడదు. ఇలా చెయ్యమని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. గడీ లోపలికి వెళ్ళినవాడు బయటికి వచ్చేటప్పుడు గడప దాకా వెనక్కి వెనక్కే నడిచి వచ్చేవాడు. పొలంలో దొర గుర్రం మీద పోతుంటే, నాటువేసే ఆడవాళ్ళు కూడా నడుము ఎత్తి అటు తిరిగేవాళ్ళు. చిన్నప్పటి నుంచి చూసి చూసి అది ఒంటికి పట్టేసింది. సాయన్న తాను ఎడమకు తిరిగి నిలబడుతున్నానని ఎన్నడూ అనుకోలేదు. నన్ను అడిగితే సూటిగానే ఉన్నాడని నేనూ చెప్పి ఉండేవాణ్ణి, ఎందుకంటే అక్కడ నేనూ అలాగే నిలబడి ఉన్నాను. మా ఊరి కుంట దగ్గర దొర ఉండేవాడు కాదు, అందుకని అక్కడ కుక్కలు తప్పేవి కావు.

మిగతావాళ్ళు చేసే తప్పులు ఏ దేశంలోనైనా చేస్తారు. ఈ తప్పు మాత్రం మావాళ్ళే చెయ్యగలరు. దీనికి శిక్ష పడింది కుక్కకు.

తప్పు దొరికింది కదా, ఇక దిద్దుకోవడమెంత అనుకున్నాను. నాకు తెలియలేదు. కుంట గట్టు మీద ఒక కట్టె పాతి, దానికి గొంగడి కప్పి, అదే దొర అనుకోమన్నాను. సాయన్న దానికి సూటిగా వీపు పెట్టి, నవ్వుతూ జూలీని పంపాడు. అది సూటిగా వెళ్ళింది.

"గొంగడి దొరకు బయమెందుకు కొడుకా," అన్నాడు. "నువ్వు దొరవైతవా అంటె, నిన్ను రోజు సూస్తనే ఉన్న. అసలు దొర దగ్గినప్పుడు నా కాలు ఎటు తిరుగుతదో నాకే తెల్వది. అది నా మాట వినది."

వానాకాలం పోయేలోపు నేను ధైర్యం చేసి దొర దగ్గరికి వెళ్ళాను. పరీక్ష రోజు కుర్చీ ఇంకో చోట, కనపడని చోట వేసుకోమని అడిగాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు.

"నా కుక్క, నా మనిషి," అన్నాడు దొర. "పట్నపోళ్ళందరు కూసున్నకాడ నేనొక్కణ్ణి చాటుకు పోయి కూసోవాల్నా? ఏం మాట్లాడుతున్నవ్ దావీదూ?"

ఆయన కోణం నుంచి చూస్తే అదీ నిజమే. సాయన్నకు ఇక వేరే దారి లేకపోయింది. చలికాలం దగ్గరపడే కొద్దీ ఆయన తిండి తగ్గింది. సాయంత్రాలు జూలీ పక్కన కూర్చుని దాని చెవులు నిమురుతూ ఉండేవాడు. తాండూరు అనే మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

మళ్ళీ అదే చెరువు

ఆ ఏడు మంచు బాగా పట్టింది. పొద్దెక్కాక గాని అవతలి ఒడ్డు కనపడలేదు. అదే గూటం, అదే ముసలాయన. దొర కుర్చీ నిరుడు వేసిన చోటే వెయ్యమన్నాడు, వేశాను.

చూసిన పక్షిని జూలీ తెచ్చింది. చూడని పక్షి వంతు వచ్చింది. బాతును ఎక్కడ దాచారో ముసలాయన సాయన్నకు మెల్లగా చెప్పి, పంపవచ్చన్నాడు. ఆ మాట అన్నాక ఎవరూ కుక్కను నడిపే మనిషితో మాట్లాడకూడదు. అతను కూడా కుక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు.

నేను సాయన్న పాదాల వైపే చూస్తున్నాను. కుడి పాదం నీళ్ళ వైపు ఉంది. దొర గొంతు సవరించుకున్నాడు. ఎడమ పాదం జరిగింది.  జూలీ ఆ మోకాలి వైపే చూస్తూ, ముక్కు ఎడమకు తిప్పింది.

సాయన్న పంపలేదు. అలాగే నిలబడ్డాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు ఆయన మొత్తం వెనక్కి తిరిగాడు. దొరకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, తల వంచి దండం పెట్టాడు. ఎందుకు పెడుతున్నాడో అక్కడ నాకొక్కడికే తెలుసు. దండం పెట్టి, గూటం వైపు తిరిగి, రెండు పాదాలూ నీళ్ళకు సూటిగా మట్టిలో నొక్కి పెట్టాడు. దొరకు వీపు చూపాడు.

ఆ వీపును నేను కూడా అప్పుడే సరిగ్గా చూశాను. సాయన్న అంగీ ముందు వైపు ఎప్పుడూ ఉతికి శుభ్రంగా ఉండేది, గుండీలన్నీ ఉండేవి. వెనక వైపు గుడ్డ పలచబడి పీలికలైపోయింది. భుజాల నడుమ గోనెగుడ్డ అతుకు, దాని కింద ఇంకో అతుకు. వెనక కుర్చీల్లో ఎవరో పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు. దొర తల తిప్పి ఆయన్ను చూశాడు, ఆ నవ్వు ఆగింది.

"జా," అన్నాడు సాయన్న.

జూలీ నీళ్ళను చీల్చుకుంటూ పోయింది. చెరువు నడుమ గాలి దాన్ని కొంచెం పక్కకు లాగింది. సాయన్న ఒక్కసారి ఈల వేశాడు. జూలీ నీళ్ళలోనే తిరిగి చూసింది. ఆయన చెయ్యి నిలువుగా ఎత్తాడు. చెయ్యి ఎత్తేసరికి అతుకు కుట్టు ఊడి, లోపలి వీపు కనిపించింది. ఆయన చెయ్యి దించలేదు. జూలీ సూటిగా తుంగలోకి పోయి, కాసేపు కనపడకుండా పోయి, నోట్లో బాతుతో బయటికి వచ్చింది. ఈదుకుంటూ వచ్చి, ఆయన ముందు కూర్చుని, చేతిలో పెట్టింది. ముసలాయన చాలు అనేదాకా సాయన్న వెనక్కి తిరగలేదు.

నేను ఏడ్చాను. దాచుకునే పని లేదు.

తిరుగు దారి

జీపులో దొర ముందు, మేమిద్దరం జూలీతో వెనక.  వికారాబాద్ దాటాక దొర ముందుకే చూస్తూ అన్నాడు.

"నీ అంగీ ఎనుక అంత చినిగిందని ఎన్నడు చెప్పకపోతివి సాయిగా."

"మీకెన్నడు కనపడనియ్యలే గద దొరా."

జీపు చాలా దూరం పోయింది. దొర మళ్ళీ అన్నాడు, "ఏం గావాల్నో అడుగు."

"టామీ గావాలె."

"ఆ ముసలి కుక్క ఎందుకురా?"

"దాని తప్పు లేకుండె దొరా. నేనే వంకర నిలవడి పంపిన. అది నేను పంపినకాడికే పోయింది."

"వంకరెందుకు నిలవడ్డవు?"

 సాయన్న జూలీ తల తన ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి అన్నాడు. "మీరు ఎనుక కూసుంటిరి గద."

 ఇంటికి చేరాక దొర దిగి నాలుగడుగులు వేసి, "పోయి తెచ్చుకో" అన్నాడు.

దొర ఆనాటితో మారిపోయాడని రాస్తే బాగుంటుంది గాని అది అబద్ధం. ఒక కొత్త అంగీ పంపించాడు. సాయన్న దాన్ని జాతరకు తొడుక్కున్నాడు. గడీలో మాత్రం ఎప్పటిలాగే పక్కకు ఒదిగి నిలబడేవాడు, వెనక్కి వెనక్కే నడిచి వచ్చేవాడు. కానీ కుక్క పక్కన నిలబడితే మాత్రం ఇక ఎవరి కోసమూ ఆయన పాదం కదలలేదు. మనిషి ఒక్కసారిగా మారడు. ఒక్క చోట మారితే అదే చాలా గొప్ప.

బండల గని

ఆ వారంలోనే తాండూరు వెళ్ళాం. గని దగ్గర ఎటు చూసినా తెల్లటి దుమ్ము. పేర్చిన బండల వెనక, ఒక రేకు నీడన టామీ ఉంది. మూతి నెరిసింది. గొలుసు మేర నేల గుండ్రంగా అరిగి నున్నబడింది. సాయన్న దూరం నుంచే పేరు పెట్టి పిలిచాడు. అది కదల్లేదు. ఈల వేశాడు. చెవి కూడా ఆడించలేదు.

కాపలావాడు కన్నడం మనిషి. "అదక్క కివి కేళంగిల్రీ," అన్నాడు. మందు పెట్టి రాళ్ళు పేల్చే చప్పుడుకు దానికి చెవులు పోయాయట.

సాయన్న వెళ్ళి గొలుసు విప్పాడు. టామీ ఆయన చేతులు వాసన చూసింది, తోక రెండుసార్లు ఆడించింది. కానీ ఆయన నడిస్తే వెంట రాలేదు. ఆ గుండ్రటి గీత దాకా వచ్చి ఆగిపోయింది. గొలుసు లేదని దానికి తెలియలేదు. నేను మెడ పట్టి లాగబోతే సాయన్న వద్దన్నాడు.

ఆయన కొంత దూరం నడిచి వెళ్ళి, దానికి ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. గని యజమాని, అంటే దొర బావమరిది, కుర్చీలోంచి చూస్తున్నాడు. ఆయన కూడా దొరే. సాయన్న వీపు సరిగ్గా ఆయన వైపే ఉంది. సాయన్న రెండు పాదాలూ చూసుకున్నాడు, సూటిగా పెట్టుకున్నాడు, చెయ్యి ఎత్తాడు.

టామీ కూర్చుంది. అన్నేళ్ళ తరువాత, ఒక్క చప్పుడూ వినపడని ఆ కుక్క, చెయ్యి చూసి చక్కగా కూర్చుంది. సాయన్న రెండు చేతులూ చాపాడు. టామీ లేచి, ఆ గీత దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, దాటింది. అటూ ఇటూ చూడకుండా సూటిగా వచ్చి ఆయన ముందు కూర్చుంది. చేతిలో పెట్టడానికి దాని నోట్లో ఏమీ లేదు. సాయన్న మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఉత్త నోటిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ తప్పు లేదు," అన్నాడు దాంతో. అది వినలేదని మా ఇద్దరికీ తెలుసు.

తరువాత నేను సర్కారు పనిలో చేరాక, నా చేతి కింద ఎందరో కొత్తవాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు ఈల ఇవ్వలేదు, కుక్కనూ ఇవ్వలేదు. మైదానంలో నిలబెట్టి, అధికారినైన నాకు వీపు పెట్టి నిలబడమన్నాను. కొందరు వెంటనే తిరిగారు. కొందరు సగం తిరిగి, భుజం మీదుగా నా మొహం చూసేవాళ్ళు. అలా చూసినవాళ్ళను పూర్తిగా తిరిగేదాకా అక్కడే నిలబెట్టాను.